చెక్క పంపినవాడు

మల్లన్నా,

నువ్వు పరంజా మీద నుంచి పడి చనిపోయి ఇవాళ్టికి ఏడాది. శుక్రవారం సెలవు కాబట్టి ఈ గల్ఫు దేశంలో, అర్దియాలోని మన గదిలో, మధ్యాహ్నం తిండయ్యాక, నీకిష్టమైన ఆ పాత అమెరికా మూకీ కామెడీ పెట్టాను. కొత్తగా చేరినవాళ్ళెవరూ అది చూడలేదు.

బక్కపలచటి హాస్యగాడు చాయ్ కప్పుల పళ్ళెం పట్టుకుని, సగం కట్టిన మేడ మీద ఇనుప దూలం వెంట నడుస్తుంటాడు. చూపంతా కప్పుల మీదే. దూలం అయిపోతుంది, అతను గాలిలోకి కాలు వేస్తాడు. సరిగ్గా ఆ క్షణానికి క్రేను మోసుకొచ్చిన చెక్క అతని కాలి కిందికి వస్తుంది. చుక్క చాయ్ ఒలకదు.

మనవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. అందరూ పరంజా కట్టేవాళ్ళే కదా.

"వానికి బెల్టు లేదురా!" అని గంగాధర్ మంచం మీంచి లేచాడు.

"ఇంత ఎత్తుల సేఫ్టీ ఆయన యాడ వోయిండు?" అన్నాడు సాయిలు.

తాడు ఎక్కడైనా కనబడుతుందేమోనని నాలుగుసార్లు వెనక్కి తిప్పించి చూశారు. లేదు. అప్పుడు నీ మాటే చెప్పాను: "నడిశెటోన్ని గాదు, చెక్క పంపినోన్ని సూడుండ్రి. కెమెరా ఎనక నిలబడి, వాని అడుగులన్ని ముందుగాల్నే కొలిసి పెట్టుకున్నడు."

దర్శకుడి పేరు తెర మీదికి రాగానే నువ్వు లేచి దండం పెట్టేవాడివి, మేం నవ్వేవాళ్ళం. ఇవాళ వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. ఆ పేరు వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు.

ఎంత అద్భుతం, అన్నా! ఎన్నిసార్లు పెట్టినా ఆ చెక్క వస్తుంది. వందేళ్ళ నుంచి ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

నీ కాలి కిందికి రావలసిన చెక్క ఆ రోజు ఇంకా నా చేతిలోనే ఉంది.