జసింతమ్మ టీచరు సమాధి రాయి

కంచిలి మండలం,
మార్చి 2003

ఫాదర్ గారికి సర్పంచ్ నమస్కారాలు.

తప్పులుంటే మన్నించాలి. ఇన్నాళ్లూ నా ఉత్తరాలు కూడా జసింతమ్మ టీచరు గారే రాసేవారు.

ఆవిడ సమాధి రాయి మీద చెక్కించడానికి ఊరి తరఫున ఒక మాట పంపమన్నారు కదా. నిన్న జీడితోటలో అందరం కూర్చున్నాం. చర్చి పత్రికలో ఆవిడ రాసిన కథల గురించి ఉండాలని నేనన్నాను. తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు రాసిన అర్జీలే గొప్పవని ఢిల్లీబాబు పట్టుబట్టాడు. మేం కలబడేలోగా కాంతమ్మ అరిచింది: "ఏటీ గోల? టీచరమ్మకాడికెళ్తే సిటికెలో రాసిచ్చెయ్యదేటి?"

నిజమే కదా అని లేచాం. అర్జీ రాయించుకోడానికి వెళ్తే ఆవిడ బడి హాస్టల్ పిల్లలకని కొబ్బరికాయ ఇవ్వడం అలవాటు గనక తలా ఒకటి పట్టుకెళ్లాం. తలుపుకి తాళం ఉంది. "టెక్కలి ఎల్లినట్టుంది, వచ్చేత్తాది" అని ఢిల్లీబాబు అరుగు మీద కూర్చున్నాడు కూడా. పోయిన నెల ఆవిడ మీద మట్టి వేసింది మేమే, ఫాదర్.

ఎవరెళ్లినా ఆవిడ మొదట అనే మాట, "కూర్చోండి, రాద్దాం." పేరు కింద అదే చెక్కించండి. పక్కన ఒక సిమెంటు బల్ల కూడా వేయించండి. మావాళ్లు ఎలాగూ వస్తారు.