మొగిలన్న గదిలో డోలు మోత

గోదావరిఖని,
15 నవంబరు 2024, శుక్రవారం.

పెద్దన్న లాంటి మొగిలన్నకు తమ్ముడు అస్గర్ సలాములు.

ఇక్కడ నేను, నీ మరదలు సర్వరీ క్షేమం. అక్కడ నువ్వూ సంధ్యారాణి వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. జుమ్మా నమాజు చేసుకొని వచ్చి, రిపేరు దుకాణం షట్టరు సగం దించి రాస్తున్నాను. మీ సెంటినరీ కాలనీ ఎంత దూరమని, ఉత్తరమేందని నవ్వుతావేమో. నిన్నటి నుంచి మూడుసార్లు ఫోన్ చేసి, వదిన మోకాళ్ల నొప్పి సంగతి అడిగి పెట్టేశాను. అసలు మాట నోట్లోంచి రాలేదు. అందుకే కాగితం.

నిన్న రాజం తన ఆటోలోంచి మూడు అట్టపెట్టెలు దించాడు. రెండింట్లో నీ చిన్న స్పీకర్లు, మూడోదాంట్లో సబ్‌వూఫర్. పైన నీ చీటీ. ఇగ ఇవి నాకెందుకు తమ్మీ, చప్పుడు ఇలువ తెలిసినోనివి నువ్వే, దుకాణంల పెట్టుకో అని రాశావు. సోమవారం మేనేజరుకు దరఖాస్తు ఇస్తున్న, బాయిల దిగుడు బంద్, పైన ఏ పని ఇచ్చినా చేస్త అని కూడా రాశావు.

ఇరవై ఆరేళ్లుగా నీ పని ఏమిటో నాకు తెలియదా? బొగ్గు బాయిలో పైకప్పును రాడ్డుతో తట్టి, గట్టిగా మోగిందా డొల్లగా మోగిందా అని చెవి పెట్టి విని, సపోర్టు పెట్టాకే మనుషుల్ని దాని కిందికి పోనిస్తావు. ఇంట్ల డోలు మోతే ఇనబడనోనికి పైకప్పు డొల్ల ఏమి ఇనబడ్తది, నా చెవులు నమ్మి పదిమంది ఎట్ల నిలబడ్తరు అని మొన్న అన్నావు.

నీ దగ్గర దాపరికమెందుకన్నా, ఆ స్పీకర్లంటే నాకు మొదటి రోజు నుంచీ కుళ్లు.

పంతొమ్మిదేళ్ల కింద నీకు మొట్టమొదటి సౌండ్ డబ్బా చేసిచ్చింది నేను. ప్లైవుడ్ నేనే కోశాను, లోపల కూరడానికి మా అమ్మ పాత బొంత విప్పి దూది తీసి తిట్లు తిన్నాను. ఆ తర్వాత నీ ఇంట్లో ఏ వైరు తెగినా, ఏ డబ్బా గరగరమన్నా అస్గర్‌నే పిలిచావు. అలాంటిది పోయిన నెల వేంకటరమణ సారును వెంటబెట్టుకొని హైదరాబాదు పోయావు. ఆయన ఏరియా ఆఫీసులో ఫైళ్లు చూసే మంథని మనిషి. ఒక్కనాడు సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడు కాదు. మూడు దుకాణాలు తిరిగి, మూడింట్లోనూ నువ్వు ఎప్పుడూ వినే ఒగ్గు కథ రికార్డే పెట్టించి విన్నారట. గట్టిగా మోగిన జత వద్దని, కథకుడి గొంతు గొంతులా వినిపించిన జత తీసుకున్నారట. నాకు మాట మాత్రం చెప్పలేదు. అంతా కొన్నాక, ఆదివారం రా తమ్మీ, చూద్దువు అన్నావు. పెళ్లికి పిలిచినట్టు చూడ్డానికి పిలిచావు!

వచ్చాను. తప్పులు వెతకడానికే వచ్చాను. స్పీకర్లు అల్మారాలో స్టీలు గిన్నెల మధ్య ఇరుక్కొని కనబడగానే ప్రాణం లేచొచ్చింది. నేను నోరు తెరిచేలోపే సారు అందుకున్నాడు. పేరుకు బుక్‌షెల్ఫ్ అంటే పుస్తకాల అర స్పీకర్లే కానీ అరలో కుక్కితే గొంతు పూడుకుపోతుందని, రెండు ఎత్తు స్టూళ్ల మీద గోడకు మూరెడు దూరంలో పెట్టించాడు. సన్న స్వరాలు పలికే చిన్న ట్వీటర్ నీ చెవి ఎత్తున ఉండాలన్నాడు. నేను చెప్పాల్సిన మాటలు ఆయన చెప్పేశాడు.

ఆ తర్వాత సబ్‌వూఫర్‌ను ఎత్తి నువ్వు కూర్చునే కుర్చీ మీద పెట్టాడు. డోలు పాట పెట్టి, ప్యాంటు మడిచి, మోత ఎక్కడ నిండుగా వినబడుతుందో చెవి పెట్టి చూస్తూ గోడల వెంట చిన్నపిల్లాడిలా పాకడం మొదలుపెట్టాడు. నేను పగలబడి నవ్వాను, వదిన కూడా వంటింట్లోంచి వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. బియ్యం డ్రమ్ము మూల ఆగి, ఇక్కడ బాగున్నది అన్నాడు. సబ్‌వూఫర్‌ను ఆ మూలకు మార్చి, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. దాని వెనక మీట ఎనభై హెర్ట్జ్ దగ్గర ఆపి, అంతకంటే కింది మోత ఇది చూసుకుంటుంది, పైది స్పీకర్లు చూసుకుంటాయి అన్నాడు. ఏ డబ్బా ఎక్కడ మోగుతున్నదో తెలియలేదు. డోలు మాత్రం గది నిండా ఉంది. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉండి ఆ పాకే కిటుకు నాకు తెలియదన్నా.

నువ్వు కళ్లు మూసుకొని, సారు చెవులే చెవులు, గిట్ల ఎవ్వరు ఇనిపియ్యలే అన్నావు. ఆ ఎవ్వరిలో నేనూ ఉన్నాను. నీ పక్కనే నిలబడి ఉన్నాను.

సారును బస్సెక్కించడానికి నువ్వు పోయావు. వదిన ఇచ్చిన టీ తాగి నేనూ వచ్చేశాను.

మర్నాడు నువ్వు ఫోన్ చేశావు. డోలు సన్నగయింది తమ్మీ, రేకు డబ్బా కొట్టినట్టున్నది అన్నావు. సారుకు చెప్పాలంటే సిగ్గయితున్నది, ఆయన గంత కష్టపడె అన్నావు. వయసు మీద పడ్డది కదన్నా అన్నాను నేను. మిషన్ల మోతలో అన్నేళ్లు నలిగిన చెవులు కదా అన్నాను. సరే తమ్మీ, నువ్వు చెప్తె అంతే అని పెట్టేశావు.

స్పీకర్లు వెనక్కి పంపుతున్నాను. నా దుకాణంలో చోటు లేదు. రేపు పొద్దున రాజం తెచ్చి దించుతాడు. సోమవారం దరఖాస్తు మాత్రం ఇవ్వకు. ముందు దవాఖానలో చెవులు పరీక్ష చేయించుకో. వదినకు నా సలాం చెప్పు.

నీ తమ్ముడు,
అస్గర్

తా.క.: చోటు లేదన్నది అబద్ధం. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మళ్లీ తీశాను.

నీ చెవులకు ఏమీ కాలేదన్నా. నువ్వు సారుతో బస్సు దగ్గరికి పోయినప్పుడు, సబ్‌వూఫర్ వెనక ఫేజ్ అని రాసి ఉన్న చిన్న స్విచ్చును సున్నా మీద నుంచి నూట ఎనభైకి జరిపాను. అలా జరిపితే స్పీకర్లు గాలిని ముందుకు నెట్టేటప్పుడు సబ్‌వూఫర్ వెనక్కి లాగుతుంది. రెండూ కలిసే చోట మోత చచ్చిపోతుంది. నీ డోలు అక్కడే పోయింది. సారు పెట్టింది బాగలేదంటావని, నన్ను పిలుస్తావని, ఒక్క వేలితో సరిచేసి నీ మెప్పు కొట్టేద్దామని అనుకున్నాను. నువ్వు సారును అనుమానించలేదు. నన్ను అసలే అనుమానించలేదు. నీ చెవుల్నే అనుమానించుకున్నావు. అది విని కూడా వయసు వల్లే అన్నాను.

ఇందాక సాయంత్రం ఆఫీసుకు పోయి సారుకు అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకొని, మొగిలికి నేను చెప్ప, మీరే చెప్పాలె అన్నాడు. ఎల్లుండి ఆదివారం మీ ఇంటికి వచ్చి అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ పెడతానన్నాడు. నేను రాను.

స్విచ్చును నూట ఎనభై మీదే ఉంచి పంపుతున్నాను. నేను సరిచేస్తే నువ్వు మళ్లీ నా మాటే నమ్మాలి. అది వద్దు. సారు అన్నీ పెట్టాక నువ్వే సున్నా మీదికి జరుపు, నీ చెవులతో నువ్వే విను. తేడా వినబడితే దరఖాస్తు చింపెయ్యి. నన్నేం చెయ్యాలో ఆ తర్వాత చూసుకో.