అల్మాజ్ కొట్టు బోణీ

స్వర్ణా,

అన్నం వండాను, పప్పు వేడి చేసుకో. పాలు, సబ్బులు అయిపోయాయి. మాల్‌కు వెళ్లకు. సందు మొదట్లో ఇథియోపియా అల్మాజ్ నడిపే బకాలా కొట్టులో కొను. "నల్లామె దుకాణంల ఏముంటది పెద్దమ్మా" అని మళ్లీ మొదలుపెట్టకు. అన్నీ ఉంటాయి. ఈ అరబ్బుల దేశంలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం రోడ్డు తవ్వినప్పటి నుంచి ఆమెకు బేరాలు లేవు. ఇలాగైతే కొట్టు మూసి తన దేశం వెళ్లిపోతానంటోంది.

ఆమె మనసు నేనూ నొప్పించాను. ఆమె షట్టర్ తీసే వేళకు నేను డ్యూటీ బండి కోసం అక్కడే నిలబడతాను కదా. మొగుడు పోయినదాన్ని, నా చేతి బోణీ ఆమెకు అచ్చిరాదని, వేరే ఎవరైనా కొనేదాకా గడప తొక్కేదాన్ని కాదు. ఎవరూ రాకముందే బండి వచ్చేసేది. ఆమె నన్ను అమ్మా అన్నట్టు 'మామా' అని పిలుస్తుంది. నిన్న వచ్చీరాని హిందీలో అడిగింది: "మామా, నల్లదాని దుకాణమని నువ్వు కూడా రావా?" కాదని తల ఊపాను. బోణీ సంగతి చెప్పేంత హిందీ నాకు రాదు. "మాఫీ ముష్కిల్, పర్వాలేదు మామా, అందరూ అంతే" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆమె మంచి కోరి నేను దూరంగా నిలబడితే, అది ఆమెకు అసహ్యంలా కనిపించింది. ఇన్నాళ్లూ అలాగే కనిపించి ఉంటుంది.

సాయంత్రం వెళ్లినప్పుడు ఈ సంగతి ఆమెకు విడమరిచి చెప్పు. నీకు హిందీ బాగా వచ్చు.

పెద్దమ్మ

ఇంకో మాట. కిటికీలోంచి చూస్తే ఆమె ఇప్పుడే షట్టర్ ఎత్తుతోంది, దగ్గర్లో ఎవరూ లేరు. పాలు నేనే కొంటాను, నువ్వు సబ్బులు తెచ్చుకో. నా చేతి బోణీ ఆమెకు అచ్చిరావాలని నువ్వూ ఒక దండం పెట్టుకో.