మూడో కొవ్వొత్తి

నవంబరు 1, రాత్రి

రేపు సమాధుల పండుగ. చనిపోయినవాళ్లకి కొవ్వొత్తులు కొనడానికి అమ్మతో మోండా మార్కెట్‌కి వెళ్లాను.

"ఎన్ని గావాలమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయనకొకటి, అత్తగారికొకటి, పెద్దదానికొకటి. మూడివ్వు బాబూ."

పెద్దదంటే అక్క. నాకు పదేళ్లప్పుడు ఎవరితోనో ఊరు విడిచి వెళ్లిపోయిందని అమ్మే చెప్పింది. ఇక్కడ సిటీలో, కార్ఖానా ఏరియాలో ఇల్లు మారినప్పుడల్లా, అక్క వస్తే ఇవ్వమని ఊరి చర్చిలో కొత్త అడ్రసు రాసిచ్చి వస్తున్నాను.

"అక్కకెందుకమ్మా?" అని ఆటోలో అడిగాను.

"నోరు జారిందే," అంది. ఆ మూడోదాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా నిమురుతూనే ఉంది.

రేపు ఊళ్లో అమ్మ దాన్ని ఎక్కడ వెలిగిస్తుందో చూడాలి. అయినా అడ్రసు చీటీ రాసి బ్యాగులో పెట్టుకున్నాను, అక్కా.