రాగి కనబడేదాకా కోసిన రోము నాణేలు

తేదీ: 11-9-1995

పోలీసు ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,
మోతీనగర్ నివాసి, రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు మారోజు బాలనర్సయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఫిలింనగర్ గోదాములో సినిమా నాణేలను ఉలితో పాడుచేసిన నేరమును అంగీకరించుట, నన్ను పిచ్చివాడిగా నమోదు చేయరాదని కోరుట గురించి.

1. సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు ప్రభాకర్ గారు నాపై తమరికిచ్చిన ఫిర్యాదులో రెండు మాటలు ఉన్నవి. కంపెనీ నాణేలు ఆరువందలకు పైగా కోసితినన్నది నిజము. నాకు మతి లేదన్నది అబద్ధము.

2. మా తండ్రిది అవుసుల పని, అనగా కంసాలి పని. కరిగించుటకు వచ్చిన పాత నగలలో ఆయనకు ఏడు రోము నాణేలు దొరికినవి. లోపల రాగి, పైన పలుచని బంగారు రేకు. కరిగిస్తే చిటికెడు బంగారము కూడా రాదు. కాని ఆయన కరిగించక, నగలు తెచ్చిన గిరాకీకి బదులు బంగారమిచ్చి వాటిని దాచినాడు. ఇరవై రెండేండ్లు నేను వాటిని చదివినాను. ఒక వైపు రోము చక్రవర్తి ముఖము, చుట్టూ అక్షరాలు. ఆ అక్షరాలు కొన్ని తలకిందులు, కొన్ని అద్దంలో చూచినట్లు ఎడమకు తిరిగినవి. ఆ లిపి రానివాడు చూచి చెక్కిన అచ్చు అది. కనుక అవి రోము నుండి ఓడలో వచ్చినవి కావని, మన దక్కనులో మావంటి అవుసులవాడెవడో చేసినవని నా నిర్ణయము. ప్రతి నాణెం మీద చక్రవర్తి చెంపకు అడ్డంగా ఒక గాటు ఉన్నది. అది రాజును అవమానించుటకని ఒక పుస్తకములో చదివినాను. కాదు. లోపల ఏమున్నదో చూచుటకు మా తండ్రి కూడా అట్లే గాటు పెట్టెడివాడు. నా భార్య శకుంతలమ్మ ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా పెద్దవి చేసి నోటు పుస్తకములో గీసినది. చూపు పూర్తిగా పోయేదాకా గీసినది.

3. శాతవాహనుల నాటి కథ తీస్తున్నామని ప్రభాకర్ గారు మా ఇంటికి వచ్చినారు. "మాస్టారూ, టైటిల్స్‌లో మీ పేరు వేస్తామండీ, చారిత్రక సలహాదారు అని" అన్నారు. నా పేరు ఎన్నడూ ఎక్కడా అచ్చు కాలేదు. లోపలి నుండి నా భార్య "పేరు తప్పుల్లేకుంట రాయమనుండ్రి" అన్నది. ఏడు నాణేలూ, నోటు పుస్తకమూ నా చేతులతోనే ఇచ్చినాను.

4. మూడు నెలలైనా అవి తిరిగి రానందున ఫిలింనగర్‌లోని వారి ఆఫీసుకు పోయి, అందరి ఎదుట గట్టిగా అడిగినాను. ప్రభాకర్ గారు నవ్వి, "ఎక్కడికి పోతాయండీ? మూసలు తీశాక మా వాటిలో కలిసిపోయాయి. గోదాములో ఉన్నాయి, ఏరుకోండి" అన్నారు. పద్నాలుగు బస్తాలు. అన్నిటికీ పైన బంగారు రంగు, నా నాణేల నుండి తీసిన మూసలు గనుక అదే ముఖము, అదే గాటు, అవే తలకిందుల అక్షరాలు. నా కండ్లలో శుక్లాలు. కోసి చూచుట తప్ప దారి లేదంటిని. "కోసుకోండి మాస్టారూ, మీవే అనుకోండి" అన్నారు. వారి నాణెమైతే లోపల సీసము తెల్లగా ఉండును. నాదైతే ఎర్రగా ఉండవలెను. రోజూ మోతీనగర్ నుండి నడిచిపోయి కోసినాను. మధ్యాహ్నము కంపెనీవారు టిఫిన్లు తెచ్చుకొని నన్ను చూస్తూ తినెడివారు.

5. నాలుగవ దినమున గోదాములోనికి పెద్ద దీపాలు తెచ్చినారు. ముసలివాడికి కనబడుట లేదని దయతో తెచ్చినారనుకొని, లేచి దండము పెట్టినాను. అందరూ నవ్వినారు. దీపాల వెనుక కెమెరా ఉన్నది. పిసినారి వర్తకుడు దొంగసొమ్ము ఏరుకొనే సీనుకు నేను సరిపోయినానట. దండము కూడా బాగా పడినదని, ఇంకొకసారి పెట్టమన్నారు. నాణేలు చెయ్యి జారిపోతవేమోనన్న భయముతో, అయ్యా, పెట్టినాను.

6. ఏడవ దినమున, గోదాము ఊడ్చే కొమురమ్మ చీపురు పక్కన పెట్టి నా ముందర కూర్చున్నది. "సారూ, ఇగ కొయ్యకు. నీయి గీ బస్తాల్ల లెవ్వు" అన్నది. "మరి ఏడున్నయి?" అన్నాను. "హీరో గుర్రం మీదికెళ్లి ఇసిరేటప్పుడు మంచిగ కనవడాలెనని అసల్వే ఇచ్చిండ్రు. గుట్టకాడ రాళ్లు కొట్టిన గుంత లేదా, గా నీళ్లల్ల పడ్డయి. నీ పుస్తకం గూడ మంటల సీన్ల ఏసిండ్రు. నువ్వు అడగనీకె రాకముందే అయిపోయింది. అందరికీ ఎర్కే."

7. అటు తరువాత కూడా నేను విప్పిన బస్తా ముందర కూర్చుండి సాయంత్రము వరకు కోసినాను. ఏమియు దొరకదని తెలిసే కోసినాను. ఆ చెంపల మీద గాట్లు పెట్టుచుండగా నాకు కనిపించిన ముఖము రోము చక్రవర్తిది కాదు. ఇది నేరమే. ఒప్పుకొనుచున్నాను. ఉలి లాగుకొనుటకు వచ్చిన ప్రభాకర్ గారు "ఈయన్ని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపండ్రా" అన్నారు. ఆ మాటనే ఫిర్యాదులో పెట్టినారు.

8. కావున నా మనవి. నా నాణేలు లేవు. నా పుస్తకము లేదు. పై రెండవ అంశములో వ్రాసినది మాత్రమే నా ఇరవై రెండేండ్ల చదువులో మిగిలినది. పిచ్చివాడని వ్రాసుకుంటే ఆ మాటలను ఎవరూ ఫైలులో ఉంచరు. నేరస్థుడని వ్రాసుకుంటే వాంగ్మూలము దాఖలు చేయక తప్పదు. నన్ను నేరస్థుడిగానే నమోదు చేసి, రెండవ అంశమును ఒక్క అక్షరము తగ్గించకుండా జతపరచవలెనని కోరుచున్నాను. శిక్ష ఏదైనను సమ్మతమే.

ఇంతమాత్రము తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మారోజు బాలనర్సయ్య

మరొక మనవి: విచారణకు మా ఇంటికి వచ్చే కానిస్టేబులు గారిని ఈ సంగతులు నా భార్య ఎదుట మాట్లాడవద్దని చెప్పగలరు. గోదాము నుండి వచ్చేటప్పుడు కొయ్యని సీసపు నాణేలు ఏడు జేబులో వేసుకొని వచ్చినాను. దొంగతనము కూడా కలుపుకొనండి. దొరికినవని చెప్పి ఆమె చేతిలో పోసినాను. ఒక్కొక్కదానినే బొటనవేలితో తడిమినది. అక్షరాల మీద చాలాసేపు వేలు నిలిపినది. సీసపు పోతలో ఆ అక్షరాల అంచులు మొద్దుబారి ఉన్నవి. తరువాత కొంగున ముడివేసుకొని, "దొరికినయి గద, ఇగ ఆడికి పోకుండ్రి" అన్నది.