అరవై రెండు జీవాలు ఆడిన ఆట

హైదరాబాద్,
5 ఫిబ్రవరి 2023.

గౌరవనీయుడైన ఐలేశం మామకు, నీ మేనకోడలు ప్రవళిక నమస్కరించి రాస్తున్నది. ఫోనులో నీకు మాట సరిగా వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నేనేం నేర్చుకుంటున్నానని అడిగితే అమ్మ చెప్పలేకపోయిందట. కోటలు కట్టడం నేర్చుకుంటున్నాను మామా. నేను కట్టినదాంట్లోకి పది మందిని పంపితే, మూడో గదిలోకి పోయినవాళ్లు ఇక కదలడం లేదు. వచ్చే నెల పదమూడున దాన్ని కంపెనీకి చూపించాలి. వాళ్లు కాదంటే మళ్లీ బట్టల దుకాణంలో బిల్లులు కొట్టుకోవాలి.

అందుకే ఎవరో కట్టిన ఇంకో కోటను విప్పి చూస్తున్నాను. ముప్పై ఎనిమిది గదులు. ఎక్కడా బాణం గుర్తు లేదు, దారి చెప్పే మనిషి లేడు. అయినా లోపలికి పోయిన ప్రతివాడూ చివరి బురుజుకు చేరుతున్నాడు. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తున్నది. దాని నక్షా పంపుతున్నాను.

నీ కోడలు,
ప్రవళిక

తా.క.: నిన్న నా స్నేహితురాలు శైలజ నా కోట మెట్ల మీద నుంచి పడి ఏడుసార్లు చచ్చింది. పాపం, నవ్వుతూనే ఉంది.

*

కోస్గి,
9 ఫిబ్రవరి.

చిరంజీవి ప్రవళికను ఐలేశం మామ దీవించి రాయడం. ఇక్కడ మేమూ మందలో జీవాలూ క్షేమం. నీ సంగతే భయంగా ఉంది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మీ అత్త బాలనర్సమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. గదిలో ఆగిపోయిన ఆ పది మందినీ ముందు ఇళ్లకు పంపించు. వాళ్ల తల్లిదండ్రులు వెతుకుతుంటారు. ఎవరిదో కోటను నువ్వు విప్పడమేమిటి? ఆయన ఊళ్లో లేనప్పుడు విప్పావా?

నక్షా మాత్రం చూసినకొద్దీ చూడాలనిపిస్తున్నది. కట్టినవాడికి మందను తోలడం తెలుసు. మలుపు దగ్గర ఇరుకు, దాటగానే వెడల్పు. వెనక గొర్రె తోస్తుంది, ముందు గొర్రెకు జాగా కనిపిస్తుంది. నేల ఎటు వాలి ఉందో మాత్రం నువ్వు రాయలేదు. అది తెలియకుండా మంద ఎటు పోతుందో ఎట్లా చెప్పడం?

నీ మేలు కోరే
ఐలేశం మామ

తా.క.: శైలజ దశదినకర్మ ఎప్పుడు? ఏడుసార్లలో ఏ చావు నుంచి లెక్కపెట్టాలని అత్త అడుగుతున్నది.

*

హైదరాబాద్,
14 ఫిబ్రవరి.

మామకూ అత్తకూ దండాలు.

తప్పు నాదే. ఆ కోటలు భూమ్మీద లేవు, కంప్యూటరు ఆటలో ఉన్నాయి. ఆటలో చచ్చినవాళ్లు మళ్లీ లేచి వస్తారు. శైలజ ఇప్పుడు నా పక్కనే కూచుని బఠానీలు తింటున్నది. ఆ కోట ఫైలు కూడా దొంగిలించింది కాదు, అందరూ తీసుకోవచ్చని కట్టినవాళ్లే పెట్టారు.

నేల వాలు అన్నావు కదా, ఫైలు మళ్లీ విప్పాను. మామా, అన్ని గదుల్లో ఒక్క నేల కూడా చదునుగా లేదు. ప్రతి గదీ బురుజు వైపు బెత్తెడు ఎత్తు లేస్తున్నది. ఆడేవాడి కంటికి అది తెలియదు, ఆటలో నడిచే బొమ్మ కాలికే తెలుస్తుంది. మూడు వారాలుగా చూస్తున్న నాకు కనపడనిది నీకు కాగితం మీద ఎట్లా తోచింది?

ఇట్లు,
బుద్ధి తెచ్చుకున్న ప్రవళిక

తా.క.: నా కోట నక్షా కూడా పంపుతున్నాను, వాలుతో సహా. అత్తకు మెట్లు చూపించకు.

*

కోస్గి,
25 ఫిబ్రవరి.

చిరంజీవి ప్రవళికకు మామ ఆశీస్సులు. ఆట అని తెలిసి ప్రాణం కుదుటపడింది. అందరి కోసం పెట్టినా సరే, కట్టినవాళ్లను ఒక మాట అడుగు. అడిగితే పోయేదేముంది?

కంది కోసిన చెలకలో సర్కారు తుమ్మ కంపతో ఆ పరాయి కోట కట్టాను. మంద ఎత్తు వైపే పోతుంది; చెలక గుట్ట వైపు లేచి ఉంటుంది కాబట్టి బురుజును అటే పెట్టాను. అరవై రెండు జీవాలను లోపలికి వదిలి గట్టు మీద కూచున్నాను. కర్ర ఎత్తలేదు, కేక వేయలేదు. ముప్పై ఎనిమిది గదులూ తిరిగి బురుజు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. ముప్పై ఏళ్లుగా మంద వెంట తిరుగుతున్నవాణ్ణి, నాకే దండం పెట్టాలనిపించింది. కట్టినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, గొర్రెను దగ్గరగా చూశారో లేదో. నా జీవాల మనసు వాళ్లకు ఎట్లా తెలిసింది?

నీ కోట వచ్చే వారం కడతాను.

ఆశ్చర్యంలోనే ఉన్న
మీ మామ

తా.క.: ఊళ్లోకి కంపెనీ వస్తున్నదని పుకారు పుట్టింది. పక్క చెలక గోపయ్య తన కొడుకు డిగ్రీ కాగితాలు తెచ్చి, వాణ్ణి ఏ గదిలో కూచోబెట్టినా సరే అన్నాడు.

*

హైదరాబాద్,
4 మార్చి.

మామకు నమస్కారం.

నువ్వన్నట్టే అడిగాను. జవాబు వచ్చింది. ఆరేళ్లుగా వేల మంది ఆ కోటలో ఆడారట, నేల గురించి అడిగింది మాత్రం నేనొక్కదాన్నేనట. మా మామ చెప్పాడని, ఆయన గొర్రెలు కాస్తాడని రాశాను. కంప కోట ఫొటో కావాలంటున్నారు.

కానీ నా కోట అట్లాగే ఉంది. నిన్న ఇంకో నలుగురు ఆడారు, నలుగురూ మూడో గదిలోనే ఆగారు. ఇక ఆ గదిని తీసేద్దామనుకుంటున్నాను. నాకు నిద్ర పట్టడం లేదు.

దిగులుతో,
ప్రవళిక

తా.క.: గోపయ్య గారికి మా దగ్గర కూచునే జాగా లేదని చెప్పు. నాదే గట్టిగా లేదు.

*

కోస్గి,
9 మార్చి.

బిడ్డా, క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఆ గది మీద చెయ్యి వేయకు.

నీ కోటలోకి మందను వదిలాను. రెండు గదులు దాటి మూడో గదిలో ఆగాయి. నీ నక్షాలో గీసినట్టే అక్కడ గోడ నీడ, నీళ్ల తొట్టి, పైన కొంచెం ఆకాశం. ముందు ముసలి గొర్రె పడుకుంది. దాని వెనక అరవై ఒకటీ పడుకుని నెమరు వేశాయి. భయమున్నా, ఆకలున్నా, తోపులాట ఉన్నా గొర్రె నడుము వాల్చదు. మందను నడిపించడం నాకు వచ్చు. పడుకోమని చెప్పడం నాకు ఈనాటికీ రాదు. అది నీ చేత అయింది.

మీ అత్త చూసి, “గీ పోరి ఎన్నడన్న మంద ఎంబడి వచ్చిందా? గిట్ల ఎట్ల తెల్సె?” అన్నది.

నిన్ను చూసి గర్వపడే
మామ

తా.క.: నేనూ ఆ గదిలో కాసేపు కూచుందామని పోయాను. అత్త వచ్చి లేపేసరికి పొద్దు గూకింది.

*

హైదరాబాద్,
14 మార్చి.

మామకూ, అత్తకూ, మందకూ పేరుపేరునా నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న పొద్దున, నేను బయలుదేరుతుంటే అందింది. అప్పటికే మూడో గది తీసేసి ఉన్నాను. బస్సులో కూచుని చదివి, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని ఆ గదిని మళ్లీ పెట్టేశాను.

కంపెనీలో ముగ్గురు ఆడారు. ఇచ్చిన గంట అయిపోయింది. ఒక్కరు కూడా నాలుగో గది తలుపు తీయలేదు. ఇక బిల్లుల కౌంటరే అనుకుని కంప్యూటరు మూయబోయాను. వాళ్ల పెద్ద, మంజులత గారు, నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“మూయకమ్మా. ఇంకాసేపు ఇక్కడే ఉంటాను” అన్నారు.

పదకొండేళ్లుగా పరుగెత్తించే ఆటలే చేశామని, తాము కూచునే ఆట ఒక్కటీ చేయలేదని తర్వాత చెప్పారు. ఉద్యోగం ఇచ్చారు మామా. కానీ నా కోట వాళ్లకు వద్దట. నేను చెమటోడ్చి కట్టిన మిగతా గదులన్నీ తీసేయమన్నారు. ఆ ఒక్క గదే ఆట.

నీ కోడలు,
ప్రవళిక

తా.క.: ఈ ఆటను ముందుగా ఎంతమంది ఆడి చూశారని కాగితంలో అడిగితే, మా స్నేహితులు పద్నాలుగు, మా ఊరివాళ్లు అరవై రెండు అని రాశాను. ఆట చివర అందరి పేర్లూ వేస్తారట. ఒక్కటీ వదలకుండా రాసి పంపు.