చేపల తొట్టిలో నాన్న గోడ

నాన్నకు నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, చేపలు తప్ప. నువ్వూ అక్కడ వేళకి తింటూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఈ ఉత్తరం చదివి వినిపించే సైటు గుమాస్తా గారికి కూడా నమస్కారాలు. అయ్యా, మధ్యలో నాన్న "సరేలే, తర్వాతది చదువు" అంటాడు. ఆ మాట పట్టించుకోకండి. ఫోన్లో చెబుదామంటే మీ కాంక్రీటు మిక్సర్ మోతలో సగం వినిపించదు, మిగతా సగం వినడు.

నువ్వు అడిగించినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. కానీ క్లినిక్ ఊడ్చేటప్పుడు కుర్చీలన్నీ ఒక్కతే జరుపుతోంది. వద్దంటే వినదు. మన ఇంట్లో అందరం ఆ తానులో ముక్కలమే. అదే క్లినిక్‌లో నా ల్యాబు పని బాగానే సాగుతోంది. ఇక గోడ సంగతి. "పెట్టారా, పిల్లల డాక్టరు గారు ఏమన్నారు, ఇంత ఆలస్యమెందుకు" అని ఒకటే అడగడం.

క్లినిక్ హాల్లో చేపల తొట్టి వెనక వైర్లు, గొట్టాలు కనబడకుండా నువ్వు సెలవులో థర్మోకోల్ చెక్కి, సిమెంటు పూసి రాతిగోడ చేసిచ్చావు. అచ్చం కొండచరియే, నేను కాదనలేదు. కానీ బయల్దేరేటప్పుడు ఏమన్నావు? "మూడు రోజులు నీళ్లు కొట్టి పెట్టెయ్. గట్టిపడ్డ సిమెంటు ఏం చేస్తుందే? నేను కట్టిన ట్యాంకుల నీళ్లు ఊరంతా తాగుతోంది" అన్నావు. ఊరు తాగుతుంది నాన్నా, అందులో కాపురం ఉండదు. కొత్త సిమెంటులోంచి వారాల తరబడి సున్నం ఊరుతూనే ఉంటుంది. నీళ్లు ఘాటెక్కి చేపల మొప్పలు మండిపోతాయి.

అందుకే దాన్ని పెరట్లో డ్రమ్ములో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టి, నీళ్లు మారుస్తూ, సున్నం తగిలితే రంగు మారే పరీక్ష కాగితం ముంచి చూస్తూ వచ్చాను. కాగితం రంగు మారడం మానాకే గోడ తొట్టిలోకి అన్నాను. బాబాయి రోజూ పెరటి ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఏమ్మా సైంటిస్టూ, గోడ మొలకెత్తిందా?" అని పలకరింపు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అయితే, సలహాలు చెప్పని వాళ్లు ఒక్కరూ లేరు.

గుమాస్తా గారూ, ఇక్కణ్ణించి నెమ్మదిగా చదవండి.

నీ గత ఉత్తరంలో నా గురించి "దానికి నా గోడ నచ్చలేదేమో" అని ఉంది. అది నేనే అమ్మకి చదివి వినిపించాను. ఆదివారం నేను ఇంట్లో లేనిది చూసి అమ్మ, క్లినిక్ తాళం తన దగ్గరే ఉంటుంది కదా, బాబాయిని వెంటబెట్టుకుని డ్రమ్ములోంచి గోడ తీసి అక్కడికి మోసుకెళ్లింది. బాబాయి ప్లంబరు బుద్ధి పోనిచ్చాడా? స్నానాల గదుల్లో బూజు పట్టకుండా వాడే సిలికాన్ జిగురుతో తొట్టి గాజుకి అంటించాడు. బూజుని చంపే మందు చేపని వదులుతుందా? పైగా అది ఆరడానికి రోజులు పడుతుంది. వీళ్లు సాయంత్రానికే నీళ్లు నింపి, చేపల్ని వదిలి, లైటు వేసి చూసి మురిసిపోయి ఇంటికొచ్చారు.

సోమవారం నేను వెళ్లేసరికి గోడ ఒక పక్క ఊడి పైకి తేలి ఉంది. నీళ్లు పాలలా ఉన్నాయి. నాలుగు చేపలు చచ్చిపోయాయి. మిగిలినవి పైకి చేరి నోళ్లు తెరిచి ఆయాసపడుతున్నాయి. వాటిని క్లోరిన్ పోయేలా నిలవ ఉంచిన నీళ్ల బకెట్లలోకి మార్చాను. అమ్మ చీపురు పట్టుకుని నిలబడి, "మీ నాన్న బాధపడతాడని చేశానే" అంది. "అయితే నాన్ననే ముంచాల్సింది" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

ఇంతవరకూ రాయలేక దాటేస్తూ వచ్చింది ఇది. గోడ రెండో పక్క గాజుకి అంటుకునే ఉంది. ఆ సిలికాన్ లోపల ఉంటే బతికినవి కూడా దక్కవు. విసుగొచ్చి రెండు చేతులతో గుంజాను. నీ గోడ నడిమికి విరిగింది. అమ్మ కాదు, బాబాయి కాదు, నేనే విరిచాను.

డాక్టరు గారు చూసి, "పోనీలేమ్మా, గాజు వెనక బయటివైపు నీలం కాగితం అంటిద్దాం. నీళ్లకి తగలదు, ఏ బెడదా ఉండదు" అన్నారు. అంతకంటే తెలివైన మాట లేదు. ఇన్నాళ్లూ నేను మీ అందరితో మొత్తుకున్నదీ అలాంటి జాగ్రత్తే. అయినా నా నోరు, "వద్దండీ, మా నాన్న ఇంకోటి చేస్తాడు" అంది. "అయితే ఈసారి మేస్త్రికి మేస్త్రివి నువ్వే" అన్నారాయన.

కాబట్టి సెలవుకి వచ్చినప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. సిమెంటులో నీ అలవాటు కొద్దీ ఏ వాటర్‌ప్రూఫ్ మందూ కలపకు. డ్రమ్ములోంచి నేను తీసేదాకా ఎవరూ తియ్యకూడదు. సిలికాన్ చేపల తొట్లకి వాడేదే తెస్తాను. అంచుల్లో సందు ఉంచకు, చేప వెనక్కి దూరి ఇరుక్కుపోతుంది. బాబాయి ఆ చుట్టుపక్కలకి రాకూడదు.

ఇంకొకటి. విరిగిన ముక్కలు తిప్పి చూశాను. గాజుకి ఆనుకుని ఎవరి కంటా పడని వెనక వైపు కూడా, ముందు వైపు ఎంత శ్రద్ధగా పూశావో అంతే శ్రద్ధగా పూశావు. అన్ని వారాలు సున్నం ఊరడం ఆగకపోవడానికి సగం కారణం అదే. ఎవరు చూస్తారని పూశావు నాన్నా? ఈసారి వెనక పూయకు. ఆ ముక్కలు మాత్రం పారేయలేదు. పెరటి మెట్ల మీద ఆరబెట్టాను, వెనక వైపు పైకి కనబడేలా.

ఇట్లు,
నీ మాట వినని, ఈ ఒక్కసారికి నువ్వు మాట వినవలసిన
నీ పెద్దమ్మాయి